ప్రతి బండీ ఒక బేరమే

ఆదివారం వచ్చిందంటే వికారాబాదు రోడ్డు మీద కార్లే కార్లు. హైదరాబాదు నుంచి జనం అనంతగిరి గుట్టలకు వస్తారు. గుట్ట మీద అనంత పద్మనాభస్వామి గుడి ఉంది. మూసీ నది పుట్టేది ఆ గుట్టల్లోనే. చెట్లు, చల్లగాలి, మలుపులు తిరిగే రోడ్డు. ఎవరికైనా ముచ్చటేస్తుంది.

అలాంటి ఒక ఆదివారం అనుకుందాం. ఊరి ముందు వేపచెట్టు కింద నలుగురు ఆడవాళ్లు నిలబడ్డారు. ఆటో కోసం చూస్తున్నారు. ఇంతలో ఒక ఎర్ర కారు వచ్చింది. నేలకు కరుచుకున్నట్టు ఉంది. చప్పుడు మాత్రం పులి గాండ్రించినట్టు ఉంది. బడి ముందు స్పీడు బ్రేకరు దగ్గరికి వచ్చి టక్కున ఆగింది. కారాయన దిగాడు. వంగి కింద చూశాడు. మళ్లీ ఎక్కి కారును అడ్డంగా తిప్పి, మెల్లమెల్లగా దాటించాడు. అయినా కింద గీరుకుంది.

ఆ వెనకే కందుల బస్తాలతో ట్రాక్టరు వచ్చింది. దడదడమంటూ ఆ గడ్డను దాటి పోయింది.

"లక్షల రూపాయల కారంట. గీ గడ్డ దాటనీకి రాలేదా?" అని ఒక అవ్వ నవ్వింది.

"గన్ని పైసలు పెట్టి గట్లెందుకు చేసిన్రు?" అంది పక్కనున్న కోడలు.

మంచి ప్రశ్న. కారు చేసిన ఇంజనీర్లకు తెలివి లేదా? ఉంది. స్పీడు బ్రేకర్లు ఉంటాయని వాళ్లకు తెలియదా? తెలుసు. అయినా కావాలనే అలా చేశారు. ఎందుకు చేశారో తెలుసుకుంటే మనం రోజూ ఎక్కే ఆటో, ట్రాక్టరు, బస్సు సంగతి కూడా తెలుస్తుంది.

అన్నీ ఒక్క బండిలో రావు

అంగట్లో చీర కొనేటప్పుడు ఏం చూస్తాం? గట్టిగా ఉండాలి. మెత్తగా ఉండాలి. రంగు పోవద్దు. ధర తక్కువ ఉండాలి. నాలుగూ ఒక్క చీరలో దొరుకుతాయా? దొరకవు. పొలం పనికి కట్టే చీరలో గట్టిదనం చూస్తాం. పెళ్లికి కట్టే చీరలో అందం చూస్తాం. ఒకటి తీసుకుని ఒకటి వదులుకుంటాం.

బండి చేసేవాళ్లు కూడా ఇదే బేరం ఆడతారు. వేగం కావాలా? బరువు మోయాలా? గుంతల్లో నడవాలా? తక్కువ డీజిలు తాగాలా? ధర తక్కువ కావాలా? ప్రాణానికి భద్రత కావాలా? ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. ఏది పెంచాలి, ఏది తగ్గించాలి అని తూకం వేయడమే ఇంజనీరు పని.

గుర్రాల లెక్క

ఇంజను బలాన్ని గుర్రాలలో లెక్కిస్తారు. దీన్నే హార్సు పవరు అంటారు. 75 కిలోల వడ్ల బస్తా ఉందనుకోండి. దాన్ని ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపితే, అది ఒక గుర్రం బలం.

1983లో మన దేశంలో మారుతి 800 అనే చిన్న కారు వచ్చింది. దాని ఇంజను బలం 40 గుర్రాల లోపే. మన ఊళ్లలో దున్నే ట్రాక్టర్లు చాలావాటి బలం కూడా సుమారు 40 గుర్రాలే. బలం దాదాపు ఒకటే. కానీ కారు గంటకు 100 కిలోమీటర్లు దాటి ఉరుకుతుంది. ట్రాక్టరు సుమారు 30 కిలోమీటర్లకు మించి పోదు. మరి కారుకు నాగలి కడితే దున్నుతుందా? ఒక్క చాలు కూడా దున్నలేదు.

ఎందుకిలా? ఇదంతా గేర్ల బేరం.

అనంతగిరి గుట్ట రోడ్డునే చూడండి. గుట్ట ఎక్కడానికి రోడ్డును నిటారుగా వేయలేదు. మలుపులు తిప్పి వేశారు. నిటారుగా ఎక్కితే దూరం తక్కువ, ఆయాసం ఎక్కువ. తిరిగి తిరిగి ఎక్కితే దూరం ఎక్కువ, ఆయాసం తక్కువ. దూరం ఇచ్చి సులువు కొనుక్కున్నాం.

గేరు కూడా అదే చేస్తుంది. చిన్న గేరులో ఇంజను చాలాసార్లు తిరిగితే చక్రం కొద్దిసార్లు తిరుగుతుంది. వేగం తగ్గుతుంది. లాగే బలం పెరుగుతుంది. పెద్ద గేరులో వేగం పెరుగుతుంది. లాగే బలం తగ్గుతుంది. ట్రాక్టరు తన గుర్రాలను లాగడానికి పెట్టింది. కారు తన గుర్రాలను ఉరకడానికి పెట్టింది. రెండింటికీ ఒకేసారి పెట్టడం కుదరదు.

గాలి ఊరికే పోనివ్వదు

ఎదురుగాలి వీస్తున్నప్పుడు చాటను ముందు అడ్డంగా పట్టుకుని నడవండి. గాలి వెనక్కి నెడుతుంది. చాటను పక్కకు తిప్పి, అంచు ముందుకు వచ్చేలా పట్టుకోండి. గాలి కోసుకుపోతుంది. నడక సులువవుతుంది.

బండికి కూడా అంతే. మెల్లగా పోయేటప్పుడు గాలి అడ్డు తెలియదు. వేగం పెరిగితే గాలి గోడలాగా అవుతుంది. వేగం రెండింతలైతే గాలి అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఆ అడ్డును తోసుకుంటూ అంత వేగంతో పోవాలంటే ఎనిమిదింతల బలం కావాలి.

అందుకే వేగం కార్లను చాట అంచు లాగా చేస్తారు. ముక్కు సన్నగా ఉంటుంది. కప్పు కిందికి ఉంటుంది. గాలి కోసుకుపోతుంది. మరి ఏం పోయింది? కూర్చునే చోటు పోయింది. మోకాళ్ల నొప్పులున్న అవ్వ అందులో ఎక్కలేదు, దిగలేదు. సంచులు పెట్టుకోవడానికి చోటు ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. గాలివానకు రేకుల కప్పు లేచిపోవడం చూశాం కదా! వేగంగా పోయే కారును కూడా గాలి అలాగే పైకి లేపాలని చూస్తుంది. కారు లేస్తే చక్రాలకు నేల మీద పట్టు పోతుంది. రేకులు లేవకుండా మనం రాళ్లు పెడతాం. కారు మీద రాళ్లు పెడితే బరువు పెరుగుతుంది. అందుకని కారు వెనక ఒక రెక్క పెడతారు. వచ్చే గాలే ఆ రెక్కను కిందికి నొక్కుతుంది. చక్రాలకు పట్టు దొరుకుతుంది. కానీ ఆ రెక్క గాలికి అడ్డం కూడా పడుతుంది. వేగం కొంత తగ్గుతుంది. పట్టు కావాలంటే వేగం వదలాలి. వేగం కావాలంటే పట్టు వదలాలి.

వేగానికి ఎంత ఖర్చు?

2005లో బుగాటి వేరాన్ అనే కారు వచ్చింది. రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్న కారే. దాని బలం 1001 గుర్రాలు. అంటే 25 ట్రాక్టర్ల బలం. గంటకు 400 కిలోమీటర్లు దాటి పోగలదు.

ఇంజను వేడిని చల్లార్చడానికి మామూలు కారులో ముందు ఒక పెద్ద రేడియేటరు ఉంటుంది. ఈ కారులో 10 రేడియేటర్లు పెట్టారు. ఎందుకంటే పెట్రోలులో ఉన్న శక్తి అంతా చక్రాలకు చేరదు. కట్టెల పొయ్యిలో మంట అంతా గిన్నెకే తగలదు కదా! చాలా వేడి పక్కకు పోతుంది. ఇంజను కూడా అంతే. గుర్రాలు ఎక్కువైతే వేడి ఎక్కువ. వేడి ఎక్కువైతే రేడియేటర్లు ఎక్కువ. రేడియేటర్లు ఎక్కువైతే బరువు ఎక్కువ. బరువు ఎక్కువైతే మళ్లీ ఇంకా బలం కావాలి.

దాని ట్యాంకులో 100 లీటర్ల పెట్రోలు పడుతుంది. పూర్తి వేగంతో పోతే ఆ 100 లీటర్లు సుమారు 12 నిమిషాల్లో అయిపోతాయి. అన్నం ఉడికేంత సేపు కూడా రాదు.

ఇంకో సంగతి. పూర్తి వేగంతో పోవాలంటే ముందు కారును ఆపాలి. ఇంకొక తాళంచెవి పెట్టి తిప్పాలి. అప్పుడు కారు ఇంకా కిందికి దిగుతుంది. నేలకూ కారుకూ మధ్య చోటు సుమారు 7 సెంటీమీటర్లే మిగులుతుంది. అంటే నాలుగు వేళ్ల వెడల్పు. అలా దిగిన కారు మన ఊరి రోడ్డు మీద ఒక్క గుంత కూడా దాటలేదు. మామూలుగా నడిపేటప్పుడు అది కొంచెం పైకి లేచి ఉంటుంది. రోడ్డు కోసం ఒక ఎత్తు, వేగం కోసం ఒక ఎత్తు. ఇది కూడా బేరమే.

పందెం కార్లకు ఈ తిప్పలు కొంత తక్కువ. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం జరిగింది. దాన్ని ఫార్ములా ఈ అంటారు. ఆ కారులో ఒక్క డ్రైవరుకే సీటు. సామాను పెట్టుకునే చోటు లేదు. పిల్లలు ఎక్కేది లేదు. పందెం కోసం రోడ్డు మూశారు. ఎదురుగా బండి రాదు, బర్రె రాదు. కాబట్టి వాళ్లు వేగం ఒక్కటే చూసుకోవచ్చు. రోడ్డు మీద నడిచే కారుకు ఆ వీలు లేదు. గుంత ఉంటుంది. వాన ఉంటుంది. బడి పిల్లలు ఉంటారు. అందుకే పందెం కారు కన్నా రోడ్డు కారు చేయడంలో బేరాలు ఎక్కువ.

ఎత్తు ఎక్కువైతే ఒరిగిపోతుంది

ఎర్ర కారు నేలకు అంత దగ్గరగా ఎందుకుంది? దీని జవాబు మీ నెత్తి మీదే ఉంది.

నెత్తి మీద ఒక బిందె పెట్టుకుని మలుపు తిరగండి. సులువే. బిందె మీద బిందె పెట్టుకుని తిరగండి. మెల్లగా తిరగాలి. మూడో బిందె పెడితే? భయం వేస్తుంది. బరువు ఎంత పైన ఉంటే అంత తొందరగా ఒరుగుతుంది. ఎంత కింద ఉంటే అంత నిలకడ.

కారు వేగంగా మలుపు తిరిగేటప్పుడు అది బయటి వైపు ఒరగాలని చూస్తుంది. బరువు నేలకు దగ్గరగా ఉంటే ఒరగదు. అందుకని వేగం కారును కిందికి దించారు, వెడల్పు పెంచారు. గుంతలు దాటడం వదులుకున్నారు. ట్రాక్టరును ఎత్తు పెంచారు. చెలకలో రాళ్లూ గట్లూ దాటుతుంది. కానీ వేగంగా మలుపు తిప్పితే బోల్తా పడుతుంది.

ఇప్పుడు ఆటో సంగతి చూద్దాం. ఆటోకు మూడు చక్రాలు. దానివల్ల లాభాలు ఉన్నాయి. చిన్న సందులో తిరుగుతుంది. ధర తక్కువ. డీజిలు తక్కువ తాగుతుంది. అందుకే మన ఊరి దాకా ఆటో వస్తుంది. మరి ఏం వదులుకున్నారు? నిలకడ వదులుకున్నారు.

మూడు కాళ్ల స్టూలు మీద కూర్చుని చూడండి. ఎగుడుదిగుడు నేల మీద కూడా అది కదలకుండా నిలబడుతుంది. కానీ రెండు కాళ్ల మధ్యకు ఒరిగితే పక్కకు పడిపోతుంది. ఆటోకు ముందు ఒకే చక్రం ఉంది. వేగంగా మలుపు తిప్పితే, మలుపులో బ్రేకు వేస్తే, ఆ ముందు మూలకు ఒరుగుతుంది. అక్కడ ఆపడానికి చక్రం లేదు.

చాలా చిన్న ఆటోలకు డ్రైవరు కాక ముగ్గురికే అనుమతి. ఆ ముగ్గురి బరువు చూసుకునే ఇంజనీరు చక్రాలు, బ్రేకులు, పట్టీలు పెట్టాడు. పత్తి ఏరడానికి పోయేటప్పుడు అందులో పది, పన్నెండు మంది కూర్చుంటే ఏమవుతుంది? ఒకరి ఒడిలో ఒకరు కూర్చుంటారు. బరువు పైకి పోతుంది. డ్రైవరుకు అటొకరు ఇటొకరు కూర్చుంటారు. హ్యాండిలు పూర్తిగా తిప్పడానికి ఆయనకు చేయి ఆడదు. వెనక ఎక్కువ మంది ఉంటే ముందు చక్రం తేలికవుతుంది. తిప్పినా బండి సరిగా తిరగదు. మూడో బిందె పెట్టుకున్నట్టే అవుతుంది.

పట్టీలు, టైర్లు

బండికీ చక్రానికీ మధ్య కమాను పట్టీలో, స్ప్రింగులో ఉంటాయి. అవి మెత్తగా ఉంటే కుదుపు తెలియదు. కానీ మలుపులో బండి ఊగుతుంది. గట్టిగా ఉంటే ఊగదు. కానీ ప్రతి గుంతా నడుముకు తగులుతుంది. ఎర్ర కారులో స్ప్రింగులు గట్టివి. అందుకే అందులో సుఖం తక్కువ.

లారీ పట్టీలు కూడా గట్టివే. అవి టన్నుల బరువు కోసం చేసినవి. బరువు ఉంటే అవి వంగి కుదుపును మింగుతాయి. ఖాళీగా ఉంటే వంగవు. అందుకే ఖాళీ లారీలో, ఖాళీ ట్రాలీలో కూర్చుంటే ఎముకలు కదిలిపోతాయి. కడుపుతో ఉన్న ఆడమనిషిని అందులో ఎక్కించడం మంచిది కాదు.

టైర్లది కూడా ఇదే కథ. మెత్తటి రబ్బరు రోడ్డును బాగా పట్టుకుంటుంది, కానీ తొందరగా అరుగుతుంది. గట్టి రబ్బరు చాలా రోజులు వస్తుంది, కానీ పట్టు తక్కువ. వేగం కారుకు మెత్తటి టైర్లు వేస్తారు. కొన్ని వేల కిలోమీటర్లకే మార్చాలి. లారీకి గట్టి టైర్లు వేస్తారు.

టైరు మీద చాళ్లు ఎందుకుంటాయో తెలుసా? వాన నీళ్లు పోవడానికి. చేనులో నీళ్లు పోవడానికి కాలువ తీసినట్టే. చాళ్లు అరిగిపోతే నీళ్లకు దారి ఉండదు. టైరు నీళ్ల మీద తేలి జారుతుంది. తాండూరు వైపు నల్లరేగడి భూములు ఎక్కువ. వానాకాలంలో ట్రాక్టరు చక్రాలకు అంటిన నల్లమట్టి రోడ్డు మీద పడుతుంది. తడి మట్టి సబ్బులాగా జారుతుంది. అప్పుడు అరిగిన టైర్ల బండి ఎక్కడం ప్రమాదం.

ఉరకడం కన్నా ఆగడం కష్టం

బండి గొప్పదనం ఉరకడంలోనే లేదు. ఆగడంలో ఉంది.

మంచి రోడ్డు, మంచి బ్రేకులు ఉన్న కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఎదురుగా పిల్లవాడు వచ్చాడు. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపే సుమారు 11 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఇంకో 9 మీటర్లు పోతుంది. మొత్తం 20 మీటర్లు.

అదే కారు 80 కిలోమీటర్ల వేగంతో పోతే? కాలు పెట్టేలోపు 22 మీటర్లు. బ్రేకు పడ్డాక సుమారు 35 మీటర్లు. మొత్తం 57 మీటర్లు. వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక పోయే దూరం నాలుగింతలు అయింది. అందుకే వేగం కార్లలో ఇంజనుతో పాటు బ్రేకులకు కూడా చాలా డబ్బు పెడతారు.

ఇప్పుడు బరువు సంగతి. తాండూరు అంటే బండలు. నాపరాయి గనులు, పాలిషు యూనిట్లు చుట్టూ ఉన్నాయి. ఆ బండలు లారీల్లో దూరదూరాలకు పోతాయి. ఒక బిందెలో 15 కిలోల నీళ్లు పడతాయనుకోండి. అదే బిందెంత బండ ముక్క దాదాపు 40 కిలోలు తూగుతుంది. అందుకే బండల లారీ సగం ఖాళీగా కనిపిస్తుంది. కానీ బరువు నిండిపోయి ఉంటుంది. "ఇంకా చోటు ఉంది కదా" అని ఇంకొన్ని బండలు వేస్తే బరువు మించిపోతుంది. బ్రేకులు ఆ బరువును ఆపలేవు. దిగుడులో మళ్లీ మళ్లీ బ్రేకు వేస్తే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి.

2025 నవంబరు 3న తెల్లవారిన కాసేపటికి ఒక ఘోరం జరిగింది. తాండూరు నుంచి హైదరాబాదుకు ఆర్టీసీ బస్సు పోతోంది. చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆ బస్సు ఢీకొన్నాయి. టిప్పరులోని కంకర బస్సులో కూర్చున్నవాళ్ల మీద పడింది. పదిహేను మందికి పైగా చనిపోయారు. చదువుకునే ఆడపిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. తాండూరు, వికారాబాదు పల్లెలు ఆ రోజు కన్నీళ్లు పెట్టాయి.

పది చక్రాల టిప్పరు సరుకుతో కలిపి సుమారు 28 టన్నులు ఉండవచ్చు. అంటే 28,000 కిలోలు. నలభై చిన్న కార్ల బరువు. అంత బరువు వస్తుంటే ఏ బస్సు రేకూ ఆపలేదు. బస్సును అంత గట్టిగా చేయాలంటే అది బస్సు కాదు, ఇనుప కోట అవుతుంది. దాన్ని లాగడానికి డీజిలు చాలదు, టికెట్టుకు డబ్బులు చాలవు. అందుకే బస్సు ఒక్కటే మనల్ని కాపాడలేదు. రోడ్డు వెడల్పు, లారీ బరువు, డ్రైవరు వేగం, అన్నీ కలిస్తేనే కాపాడతాయి.

అన్నింటికన్నా కష్టమైన బేరం

2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 సేవ మొదలైంది. మన ఆడవాళ్లకు బాగా తెలిసిన వేగం బండి ఇదే. పురిటి నొప్పులు వస్తే మనం చూసేది ఎర్ర కారు కోసం కాదు. 108 కోసం.

ఆ బండి చేసేవాళ్ల బేరం చూడండి. అది వేగంగా పోవాలి, కానీ లోపల పడుకున్న మనిషికి కుదుపు తగలకూడదు. సిబ్బంది లోపల వైద్యం చేయాలి కాబట్టి కప్పు ఎత్తుగా ఉండాలి. ఎత్తు ఉంటే మలుపులో ఊగుతుంది. పల్లె దారిలో గుంతలు దాటాలి. అంటే నేలకు కొంచెం పైన ఉండాలి. ఎర్ర కారంత వేగం దానికి రాదు. రాకపోయినా పరవాలేదు. మలుపులో డ్రైవరు వేగం తగ్గిస్తే "ఎందుకు మెల్లగా పోతున్నవు?" అని కోప్పడవద్దు. తల్లీబిడ్డ క్షేమంగా చేరడమే దాని పని.

చదువు వచ్చింది కదా, ఇవి చదవండి

లారీ పక్కన తెల్ల రంగుతో అంకెలు రాసి ఉంటాయి. ఒకటి ఖాళీ లారీ బరువు. ఇంకొకటి సరుకుతో కలిపి ఉండదగిన బరువు. ఒక లారీ మీద 11,000 అని, 28,000 అని ఉందనుకోండి. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయండి. 17,000 వస్తుంది. అంటే అందులో 17,000 కిలోల సరుకే వేయాలి. బండల పనికి పోయే అక్కలు ఈ లెక్క తెలుసుకోవాలి. లోడు మీద కూర్చుని ఎప్పుడూ ప్రయాణం చేయవద్దు. బ్రేకు పడితే బండలు జారుతాయి.

ట్రాక్టరు ట్రాలీ కూడా సరుకు కోసం చేసింది. మనుషుల కోసం కాదు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదు. దిగుడులో అది ట్రాక్టరును వెనక నుంచి నెడుతుంది.

ఆటో ఎక్కేముందు ఎందరు ఉన్నారో లెక్కపెట్టండి. డ్రైవరు పక్కన కూర్చోవద్దు. మలుపుల్లో మెల్లగా పొమ్మని చెప్పండి. చెప్పడానికి సిగ్గుపడవద్దు.

బస్సు దొరికితే బస్సు ఎక్కండి. బస్సుకు చక్రాలు ఎక్కువ, వెడల్పు ఎక్కువ. మనుషుల్ని మోయడానికే దాన్ని చేశారు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. మీ ఊరికి బస్సు రాకపోతే నలుగురు కలిసి గ్రామసభలో అడగండి. డిపో మేనేజరుకు అర్జీ రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు.

కూలికి పిలిచే రైతుతో కూడా మాట్లాడండి. "ఒక్క ఆటోలో అందరం రాము. రెండు సార్లు తిప్పండి, లేకుంటే రెండు ఆటోలు పెట్టండి" అని అందరూ ఒక్క మాట మీద అడిగితే ఆయన వింటాడు. ఒక్కరే అడిగితే రేపు పనికి పిలవకపోవచ్చు. అందుకే కలిసి అడగాలి.

నిజమే, దీనికి పది, ఇరవై రూపాయలు ఎక్కువ కావచ్చు. అరగంట ఆలస్యం కావచ్చు. పేదింట్లో పది రూపాయలంటే చిన్న మాట కాదు. కానీ ఇది కూడా ఒక బేరమే. ఇంజనీరు వేగం కోసం సుఖం వదులుకుంటాడు. బరువు మోయడం కోసం వేగం వదులుకుంటాడు. ప్రాణాన్ని మాత్రం ఏ బేరంలోనూ పెట్టకూడదు.

వేపచెట్టు కిందికి మళ్లీ పోదాం. ఆటో వచ్చింది. అందులో అప్పటికే తొమ్మిది మంది ఉన్నారు. "ఎక్కున్రి, సర్దుకుంటరు" అన్నాడు డ్రైవరు. కోడలు కాలు పెట్టబోయింది.

అవ్వ ఆమె చేయి పట్టుకుంది. "ఆగు బిడ్డా. గంత పెద్ద కారాయననే గడ్డ కాడ ఆగి, దిగి, చూసి పోయిండు. మనకేం తొందర? ఇంకో బండికి పోదం."

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. ట్రాక్టరుకూ చిన్న కారుకూ బలం దాదాపు ఒకటే. మరి కారు ఎందుకు దున్నలేదు?
2. బిందె మీద బిందె పెట్టుకుంటే మెల్లగా ఎందుకు తిరుగుతాం? ఆటోకు దీనితో ఏం సంబంధం?
3. ఒక లారీ మీద 7,000 అని, 18,000 అని రాసి ఉంది. అందులో ఎన్ని కిలోల సరుకు వేయవచ్చు?
4. మీ ఊరి రోడ్డు మీద ప్రమాదం జరిగే మలుపు ఏది? అక్కడ ఏం చేస్తే బాగుంటుంది? నాలుగు మాటల్లో రాయండి.